మంత్రిగారు దయచేసి తెలుపుదురా?

రేడియోలో వార్తలు వినువారందరికిని ఒక వాక్యము చిరపరిచితము: “ఈ విషయమును మంత్రి లోక్‌సభలో ఒక లిఖితపూర్వక సమాధానములో తెలియజేసినారు.” పార్లమెంటు సమావేశములు జరుగు దినములలో ఈ వాక్యము లేని వార్తలు అరుదు. ఎన్ని ఉద్యోగములు ఖాళీగా ఉన్నవి, ఏ రైలుమార్గమునకు ఎంత ధనము మంజూరైనది, ఏ పథకము ఎంతవరకు వచ్చినది - ఇట్టి అంకెలు పెక్కు ఈ వాక్యమును వెంటబెట్టుకొనియే మన యిండ్లలోనికి వచ్చుచున్నవి. సమాధానము ఉన్నదనగా దానికి ముందొక ప్రశ్న ఉన్నదన్నమాట. కాని ఆ ప్రశ్నను గురించి మనకు వినవచ్చునది స్వల్పము. దానిని ఎవరు వేయుదురు? ఎట్లు వేయుదురు? ఒక కాగితముపై వ్రాసిన నాలుగు పంక్తులకు ప్రభుత్వముచేత బదులు చెప్పించు శక్తి ఎక్కడనుండి వచ్చినది? ఆ శక్తి ఎప్పుడు ఫలించును, ఎప్పుడు వ్యర్థమగును? ఈ సంగతులను కొంచెము విచారించుటయే నేటి ప్రసంగమునకు ఉద్దేశము.

మంత్రిమండలి లోక్‌సభకు సమష్టిగా బాధ్యత వహింపవలెనని మన రాజ్యాంగములోని 75వ అధికరణము చెప్పుచున్నది. రాష్ట్రములలో మంత్రిమండలి శాసనసభకు అట్లే బాధ్యత వహింపవలెనని 164వ అధికరణము చెప్పుచున్నది. బాధ్యత యనగా బదులు చెప్పవలసి యుండుట. ఎన్నికలు వచ్చినప్పుడు ప్రజలకు చెప్పుకొను బదులు ఒకటి. అవిశ్వాస తీర్మానము వచ్చినప్పుడు సభకు చెప్పుకొను బదులు మరొకటి. ఈ రెండును పెద్ద సందర్భములు. ఒక ఊరి తపాలా కార్యాలయము, ఒక రైల్వే గేటు, ఒక కూలివాని వేతనము - వీనికొరకు అవిశ్వాస తీర్మానములు రావు. కాని ప్రజలలో అధికసంఖ్యాకులకు ప్రభుత్వము తారసపడునది ఈ చోట్లనే. ఇట్టి వానికొరకు ఏర్పడిన సాధనమే ప్రశ్న.

ఈ సాధనము పుట్టిన విధము వినదగినది. ఇంగ్లండులో సౌత్ సీ కంపెనీ వాటాల ధర కూలిపోయి ఎన్నో కుటుంబములు చితికిపోయిన దినములలో, ఆ కంపెనీ కోశాధికారి రాబర్ట్ నైట్ దేశము విడిచి పారిపోయెను. అతడు బ్రస్సెల్సులో పట్టుబడినాడను వార్త నిజమేనాయని 1721వ సంవత్సరము ఫిబ్రవరి 9వ తేదీన ప్రభువుల సభలో కౌపర్ ప్రభువు అడిగెను. బ్రిటిషు పార్లమెంటులో నమోదైన మొదటి ప్రశ్న అదియేనని చెప్పుదురు. అది నిందగాని ఉపన్యాసముగాని కాదు. ఒక మనిషి దొరికినాడా, లేదా అనునదే అందలి విషయము. తరువాతి కాలమున ప్రశ్నలు పెరిగి సభకు కాలము చాలకపోవుటచే, 1902లో కామన్సు సభ ఒక ఏర్పాటు చేసినది. సభలో నోటిమాటగా బదులు కోరు సభ్యుడు తన ప్రశ్నకు ఒక నక్షత్రపు గుర్తు పెట్టవలెను. గుర్తులేని ప్రశ్నకు బదులు అచ్చులో వచ్చును. మన చట్టసభలలో నేడు వినవచ్చు ‘నక్షత్రపు గుర్తుగల ప్రశ్న’, ‘నక్షత్రపు గుర్తులేని ప్రశ్న’ అను మాటలకు మూలము ఆ చిన్నగుర్తే.

మన దేశములో ఈ హక్కు మెల్లమెల్లగా వచ్చినది. 1861 నాటి చట్టముచే ఏర్పడిన శాసనమండలిలో సభ్యులు ప్రభుత్వము తెచ్చిన శాసనములను చర్చింపవచ్చును గాని ప్రభుత్వపు చేతలను గురించి అడుగుటకు వీలులేదు. 1892 చట్టము వచ్చిన పిమ్మట ప్రశ్నించు హక్కు కలిగినది. 1893 ఫిబ్రవరి 16వ తేదీన భింగా ప్రభువు మొదటి ప్రశ్న వేసెను. అధికారులు పర్యటనకు వచ్చినప్పుడు వారికి కావలసిన సరకులు సమకూర్చుటలో గ్రామములలోని చిన్నవర్తకులు పడు కష్టములే ఆ ప్రశ్నకు విషయము. దొర బసచేసిన దినమున ఊరిలోని అంగడివాడు ఏమగుచుండెనో పల్లెలలోని పెద్దలనోట విన్నవారికి ఆ ప్రశ్న విలువ తెలియును. సామ్రాజ్యపు శాసనమండలిలో మొదటగా అడుగబడినది యుద్ధమును గురించియు కాదు, సంధిని గురించియు కాదు. ఊరి దుకాణదారుని గురించి! అయితే వచ్చిన బదులుతో సభ్యుడు తృప్తి పడవలసినదే. తిరిగి అడుగుటకు వీలులేదు. 1909 సంస్కరణలతో ప్రశ్న వేసిన సభ్యునికి అనుబంధ ప్రశ్న వేయు హక్కు వచ్చినది. 1919 చట్టము తరువాత ఆ హక్కు ఇతర సభ్యులకును విస్తరించినది.

ఇక నేటి పద్ధతి చూతము. పార్లమెంటులో ప్రశ్నలు ముఖ్యముగా మూడు తెరగులు. నక్షత్రపు గుర్తుగల ప్రశ్నకు మంత్రి సభలో లేచి బదులు చెప్పును. దానిపై సభ్యులు అనుబంధ ప్రశ్నలు వేయవచ్చును. గుర్తులేని ప్రశ్నకు వ్రాతమూలకముగా బదులు వచ్చును. దానిపై అనుబంధ ప్రశ్నలుండవు. అత్యవసరమైన విషయములకై స్వల్పవ్యవధి ప్రశ్న మూడవది. అచ్చువేసిన జాబితాలలో మొదటి తెగను ఆకుపచ్చ కాగితముపై, రెండవదానిని తెల్లకాగితముపై, మూడవదానిని లేత గులాబిరంగు కాగితముపై ఇచ్చుట లోక్‌సభలో సంప్రదాయము. లోక్‌సభలో ఒక దినమునకు గుర్తుగల ప్రశ్నలు 20, గుర్తులేనివి 230. రాజ్యసభలో ఆ సంఖ్యలు వరుసగా 15, 160. అంతకు మించి వచ్చినచో చీట్లు తీసి ఏరుదురు. ఏ శాఖకు ఏ దినమో ముందే నిర్ణయమై యుండును. లోక్‌సభ సభ్యుడు 15 పూర్తి దినములు ముందుగా తన ప్రశ్నను కార్యాలయమునకు అందజేయవలెను.

ఈ సంఖ్యలలోనే ఒక విశేషమున్నది. రేడియోలో, టెలివిజన్‌లో, పత్రికలలో సందడి కలిగించునది ప్రశ్నోత్తరముల సమయము. కాని ఆ గంటలో నోటిమాటగా బదులు పొందునవి జాబితాలోని మొదటి కొద్ది ప్రశ్నలే. తక్కిన వాని సమాధానములను వ్రాతరూపమున సభ ముందుంచుదురు. సభలో కేకలు చెలరేగి ఆ గంట అంతయు గడచిపోయినను వ్రాతపూర్వక సమాధానములు మాత్రము ఆగిపోవు. రెండు సభలలోను కలిపి ఒక్క దినములో 390 వరకు గుర్తులేని ప్రశ్నలకు బదులు రావచ్చును. కంఠబలముగల సభ్యునికిని, మాటకు తడబడు సభ్యునికిని, పాలకపక్షమువానికిని, ఏ పక్షమునకు చెందనివానికిని ఇందులో సమానమైన అవకాశమే కలదు.

ప్రశ్న మంత్రిత్వ శాఖకు చేరిన పిమ్మట జరుగు పని మనకు కనబడదు. ఆ విషయమును చూచు విభాగమునకు అది పోవును. అక్కడి అధికారి పాత దస్త్రములను తిరుగవేయును. అవసరమైనచో రాష్ట్రములకు, క్రింది కార్యాలయములకు వ్రాయును. చిత్తుప్రతి తయారై, పై అధికారుల బల్లలు దాటి, తుదకు మంత్రి ఆమోదమును పొందును. ఆ కాగితము సభ ముందు ఉంచబడిన క్షణమునుండి అది ఒక గుమాస్తా వ్రాసిన వ్రాత కాదు. ప్రభుత్వమే పలికిన మాట. అందులో తప్పున్నట్లు తరువాత తేలినచో మంత్రియే సభకు వచ్చి సవరణ ప్రకటన చేయవలెను. బహిరంగసభలో చెప్పిన మాటకును, వ్రాతపూర్వక సమాధానమునకును గల భేదము ఇదియే.

అయితే ఏ ప్రశ్నయైనను పనికివచ్చునా? రాదు. లోక్‌సభ నియమావళిలోని 41వ నియమము ఇందుకు హద్దులు గీచినది. ప్రశ్న 150 మాటలు దాటరాదు. అందులో వాదన, వ్యంగ్యము, నింద, విశేషణములు ఉండరాదు. అభిప్రాయము అడుగరాదు, ఊహలపై ఆధారపడి ‘ఇట్లయినచో ఏమి చేయుదురు’ అని అడుగరాదు. న్యాయస్థానముల విచారణలోనున్న విషయమును అడుగరాదు. అందరికి అందుబాటులోనున్న గ్రంథములలో లభించు సమాచారమును అడుగరాదు. ఈ నిషేధములను చూచి, సభ్యుని చేతులు కట్టివేసినారే యని కొందరు అనుకొనవచ్చును. నిజమునకు ఇవి ప్రశ్నకు పదును పెట్టునవి. నింద తీసివేయగా, వాదన తీసివేయగా మిగులునది విషయము. నిందకు ప్రతినిందతో బదులు చెప్పవచ్చును. విషయమునకు విషయముతోనే చెప్పవలెను.

ఇచ్చటనే నా ప్రసంగమునకు ముఖ్యమైన సంగతి వచ్చుచున్నది. ప్రశ్న ఫలించుట అడుగువాని ధైర్యముపై ఆధారపడినంతగా, బదులు ఏ కార్యాలయపు ఏ పుస్తకములో వ్రాయబడి యున్నదో ఎరిగి అడుగుటపై ఆధారపడును. ఇందుకు ఇటీవలి చరిత్రలోనుండి ఒక దుఃఖకరమైన ఉదాహరణము చెప్పెదను.

2020వ సంవత్సరము మార్చిలో కోవిడు వ్యాధి కారణముగా దేశమంతటను లాక్‌డౌన్ విధించినప్పుడు, పొట్టకూటికై పరాయిచోట్లకు పోయిన కూలిజనము ఇండ్లకు మరలి వచ్చిన దృశ్యములు మనమింకను మరువలేదు. మన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల మత్స్యకారులు గుజరాతులోని వేరావళి రేవులో చిక్కుపడిపోయిరి. పాలమూరు కూలీలు ఎచ్చటెచ్చటనో నిలిచిపోయిరి. ఎందరో కాలినడకను వందలకొలది మైళ్లు నడచిరి. కొందరు దారిలోనే కన్నుమూసిరి. ఆ సంవత్సరము సెప్టెంబరు 14వ తేదీన పార్లమెంటు సమావేశమైనది. వ్యాధి భయముచే ఆ సమావేశములలో ప్రశ్నోత్తరముల సమయమును రద్దుచేసిరి. మంత్రులు నోటిమాటగా బదులు చెప్పు అవకాశము పోయినది. కాని వ్రాతపూర్వక ప్రశ్నలు నిలిచినవి.

మొదటి దినముననే లోక్‌సభలో కార్మిక మంత్రిత్వ శాఖకు ఒక ప్రశ్న వచ్చినది. స్వస్థలములకు మరలుచు వలస కార్మికులు పలువురు ప్రాణములు కోల్పోయిన సంగతి ప్రభుత్వమునకు తెలియునా? తెలిసినచో రాష్ట్రములవారీగా వివరములేవి? మృతుల కుటుంబములకు ఏమైన పరిహారము ఇచ్చినారా? - ఇది ఆ ప్రశ్న సారాంశము. వచ్చిన బదులు రెండు ముక్కలు. అట్టి వివరములు సేకరించి ఉంచబడుట లేదు. కావున పరిహారపు ప్రశ్న ఉత్పన్నము కాదు. అదే సమాధానముతోపాటు, కోటి నాలుగు లక్షలకు పైగా వలస కార్మికులు స్వరాష్ట్రములకు మరలిరని, అందు ఒక్క ఉత్తరప్రదేశమునకే 32 లక్షలకు పైగా మరలిరని లెక్క వచ్చినది. మరలినవారికి లెక్క కలదు. మరలనివారికి లెక్క లేదు.

దేశమంతటను ఆ సమాధానము కలవరము కలిగించినది. కాని అదే సమావేశములలో కొలది దినములకే రాజ్యసభలో మరియొక వ్రాతపూర్వక సమాధానము వచ్చినది. ఇది రైల్వే మంత్రిత్వ శాఖనుండి వచ్చినది. కూలీలకొరకు నడిపిన శ్రామిక్ ప్రత్యేక రైళ్లలో ప్రయాణము చేయుచు ఎందరు మరణించిరని అడుగగా, రాష్ట్రముల పోలీసులు ఇచ్చిన వివరములనుబట్టి సెప్టెంబరు 9వ తేదీ వరకు 97 మంది మరణించినట్లు తెలిపిరి. వారిలో 87 మంది దేహములను శవపరీక్షకు పంపినారనియు, అప్పటికి 51 నివేదికలు వచ్చినవనియు కూడ తెలిపిరి.

ఈ రెండు సమాధానములను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. విషాదము ఒక్కటే; ప్రభుత్వము ఒక్కటే; సమావేశములు ఒక్కటే. ఒక శాఖ ‘వివరములు లేవు’ అన్నది. ఒక శాఖ ‘97’ అన్నది. భేదమేమి? రైలులోగాని రైల్వే స్టేషనులోగాని అసహజ మరణము సంభవించినచో పోలీసులు కేసు నమోదు చేయవలెను. అందుచే అక్కడ ఒక పుస్తకము, ఆ పుస్తకములో ఒక పంక్తి ఉండితీరును. రోడ్డు ప్రక్క చెట్టుక్రింద కన్నుమూసినవాని పేరు ఏ పోలీసు ఠాణా దస్త్రములోనో ఉండవచ్చును. కాని ‘వలస కార్మికుడు’ అను శీర్షిక క్రింద దానిని వ్రాసుకొనిన కార్యాలయము ఢిల్లీలో లేదు. ఒక ప్రశ్న పుస్తకమున్న గదికి చేరినది. మరియొకటి పుస్తకములేని గదికి చేరినది.

అయినను మొదటి ప్రశ్న వ్యర్థమైనదని నేను చెప్పను. ‘లెక్క లేదు’ అనునది కూడ ఒక సమాధానమే. పేదవాని చావును లెక్కవ్రాయు ఏర్పాటు లేదని ప్రభుత్వమే వ్రాసి సంతకము పెట్టిన కాగితమది. అంతవరకు అది ఆరోపణ. అటుతరువాత అది నమోదైన సత్యము. మరుసటి సంవత్సరము జూన్‌లో సుప్రీంకోర్టు అసంఘటిత కార్మికుల నమోదును గురించి ఆదేశములిచ్చినది. 2021 ఆగస్టు 26వ తేదీన ‘ఇ-శ్రమ్’ అను జాతీయ నమోదు పుస్తకము ప్రారంభమైనది. ఆ ఒక్క సమాధానమువలననే ఇది వచ్చినదనుట తొందరపాటగును. కాని లేని పుస్తకమును గురించి ఎవరును అడుగకపోయినచో, అది లేదను సంగతియే పైకి వచ్చియుండదు.

ఇక మన ఊరికి దగ్గరగానున్న ఉదాహరణమును తీసికొందము. ఊరిలో రైల్వే గేటు. గేటు పడినప్పుడెల్ల అరగంట నిలుపు. ఆసుపత్రికి పోవు బండియు అక్కడనే నిలుచును. పై వంతెన మంజూరైనదని విని ఏండ్లు గడచినవి. పట్టాలమీది భాగము లేచి నిలిచియున్నది. దానిని చేరు దారి మాత్రము ఇరుప్రక్కల లేదు. ఇట్టి దృశ్యము మన జిల్లాలలో అపరిచితమైనది కాదు. ‘మా ఊరికి అన్యాయము జరుగుచున్న సంగతి మంత్రిగారికి తెలియునా’ యని అడిగినచో ‘లేదు’ అను ఒక్కమాటతో వ్యవహారము ముగియును. అట్లు గాక, వంతెన ఏ సంవత్సరమున మంజూరైనది? అంచనా ఎంత? నేటివరకు వ్యయమైనది ఎంత? పని నిలిచియున్నచో కారణమేమి? ఏ తేదీకి పూర్తియగును? - అని అడిగినచో ప్రతి ముక్కకును ఒక అంకెగాని, ఒక తేదీగాని, ఒక కారణముగాని బదులు రావలెను.

ఇందు ఇంకొక మెలిక యున్నది. ఇట్టి వంతెనలలో పెక్కింటికి పట్టాలమీది భాగమును రైల్వేవారును, ఇరుప్రక్కల చేరుదారిని రాష్ట్రప్రభుత్వమువారును కట్టుదురు, వ్యయమును పంచుకొందురు. కావున పార్లమెంటులో మాత్రమే అడిగినచో ‘మా భాగము పూర్తియైనది, దారి రాష్ట్రమువారిది’ అను బదులు వచ్చును. శాసనసభలో మాత్రమే అడిగినచో ‘రైల్వేవారి నక్షా ఇంకను రాలేదు’ అని రావచ్చును. ఒకే సమయమున రెండు సభలలోను అడిగి, రెండు సమాధానములను ఒకదాని ప్రక్కన ఒకటి ఉంచినప్పుడే నిజము తేలును. ‘మంత్రిగారు దయచేసి తెలుపుదురా?’ అని మన శాసనసభలో సంప్రదాయముగా అడుగు ఆ మర్యాదవాక్యమునకు అప్పుడే తగిన బలము కలుగును.

సమాధానము చెప్పువారికిని తప్పించుకొను మార్గములు లేకపోలేదు. ‘సమాచారము సేకరింపబడుచున్నది, సభ ముందు ఉంచబడును’ అనునది ఒక ప్రసిద్ధవాక్యము. ‘విషయము పరిశీలనలో ఉన్నది’ అనునది రెండవది. ఇవి చెప్పి కాలము గడపినచో అడుగువాడెవడు? ఈ సందేహము మన పెద్దలకు తొలినాళ్లలోనే కలిగినది. 1953 డిసెంబరులో లోక్‌సభ ఇందుకొరకే ప్రభుత్వ హామీల కమిటీని ఏర్పాటు చేసినది. రాజ్యసభలో ఇట్టి కమిటీ 1972లో ఏర్పడినది. సభలో చెప్పిన ఏ మాటలు హామీలుగా లెక్కింపబడునో వాని పట్టిక ఒకటి కలదు. పైన చెప్పిన వాక్యములు అందులోనివే. హామీని మూడు మాసములలో నెరవేర్చవలెను; లేనిచో గడువు కోరవలెను. గడువులు పొడిగించుకొనుచు ఏండ్లు గడుపుటయు కలదు. అయినను ఆ మాట చిట్టాలో అప్పుగా నిలిచియే యుండును. మరియొక మార్గము కూడ కలదు. వచ్చిన వ్రాతపూర్వక సమాధానము చాలలేదని తోచినప్పుడు, అది ప్రజలకు ముఖ్యమైన విషయమైనచో, సభ్యుడు అరగంట చర్చకై కోరవచ్చును.

ఒక ప్రశ్న ఎంతదూరము పోగలదో తెలిపిన ఉదంతము 1957లో జరిగినది. అప్పుడు లోక్‌సభకు అధ్యక్షులు మన తిరుచానూరులో జన్మించిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు. జీవిత బీమా సంస్థ ఏర్పడి ఏడాది యైనది. ఆ సంస్థ 1957 జూన్‌లో హరిదాస్ ముంద్రా అను వ్యాపారికి సంబంధించిన ఆరు కంపెనీల వాటాలను కోటి రూపాయలకు పైగా పెట్టి కొన్నది. ఆ సంవత్సరము సెప్టెంబరులో రామ్ సుభగ్ సింగ్ అను సభ్యుడు దీనినిగూర్చి ప్రశ్న వేసెను. మొదట వచ్చిన సమాధానము విషయమును తేటపరుపలేదు. ప్రశ్నలు అంతటితో ఆగలేదు. డిసెంబరు 16వ తేదీన ఫిరోజ్ గాంధీ సభలో ఆ వ్యవహారమును ఆధారములతో చర్చకు తెచ్చెను. ఆయన పాలకపక్షపు సభ్యుడు. ప్రధాని నెహ్రూకు అల్లుడు. బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి చాగ్లా బహిరంగముగా విచారణ జరిపెను. 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేసెను. మంత్రి సాధ్యమైనంత త్వరలో పార్లమెంటును విశ్వాసములోనికి తీసికొని, సంబంధించిన విషయములన్నియు సభ ముందుంచవలెనని చాగ్లా తన నివేదికలో హితవు చెప్పెను. మొదటి ప్రశ్నకే నిండైన బదులు వచ్చియున్నచో ఆ కథ వేరుగా నడచియుండునేమో!

పదునైన సాధనము దుర్వినియోగమునకును లోనగును. 1951లో తాత్కాలిక పార్లమెంటు సభ్యుడు హెచ్.జి. ముద్గల్ ఒక వర్తకసంఘమునుండి ధనము పుచ్చుకొని ప్రశ్నలు వేసెనని తేలినది. ఆయన సభ్యత్వమునకు రాజీనామా ఇచ్చెను. ఆ సంగతిని విచారించిన కమిటీకి అధ్యక్షుడు టి.టి. కృష్ణమాచారియే యగుట చరిత్రలోని వింత. 2005 డిసెంబరులో ధనమునకు ప్రశ్నలు వేయుటకు అంగీకరించిరను కారణముచే ఉభయ సభలలో కలిపి 11 మంది సభ్యులు బహిష్కృతులైరి. అంగడిలో వెల పలికినదనగా ఆ వస్తువునకు విలువ యున్నదన్నమాట! కాని ఆ విలువ సభ్యునిది కాదు. అతనిని పంపిన ప్రజలది.

ఇందులో మన పాత్ర ఏమి? సభ్యునికి అన్ని ఊళ్ల సంగతులు తెలియవు. తెలిపినవారికొరకే అతడు అడుగును. మీ ఊరి విషయమును సభ్యునికి వ్రాయునప్పుడు కష్టమును వర్ణించి ఊరకొనవలదు. ఏ పథకము, ఏ సంవత్సరము, ఏ కార్యాలయము, ఏ అంకె కావలెను - ఈ నాలుగును వ్రాయుడు. అది కేంద్రమునకు చెందినదా, రాష్ట్రమునకు చెందినదా విచారించి వ్రాయుడు. సమావేశములు ఎప్పుడు మొదలగునో తెలిసికొని అంతకు మాసము ముందే వ్రాయుడు. ఏలయన శాసనసభలు సంవత్సరములో కొలది దినములే కూర్చుండుచున్నవి, కాలము దాటిన ప్రశ్న తరువాతి సమావేశములవరకు వేచియుండవలెను. వచ్చిన సమాధానమును పదిలపరచుకొనుడు. మరుసటి యేడు అదే ప్రశ్న మరల అడిగించినచో, రెండు బదుళ్ల నడుమ ఏమి జరిగినదో, ఏమి జరుగలేదో మీకే కనబడును.

2005 నాటి సమాచార హక్కు చట్టములో ఒక వాక్యమున్నది. పార్లమెంటునకుగాని రాష్ట్ర శాసనసభకుగాని నిరాకరింపరాని సమాచారమును ఏ వ్యక్తికిని నిరాకరింపరాదు అని దాని భావము. 1893లో భింగా ప్రభువు నోట ఊరి దుకాణదారుడు తన కష్టమును అడిగించుకొనవలసి వచ్చినది. నేడు ఆ దుకాణదారుని మునిమనుమడు తానే ఒక కాగితముపై అడుగవచ్చును. ఈ చట్టముచే వచ్చు బదులు అడిగినవానికి వచ్చును. సభలో వచ్చు బదులు దేశమునకంతటికి వచ్చును. రెండును కావలెను.

ఇకమీదట వార్తలలో ‘లిఖితపూర్వక సమాధానములో తెలియజేసినారు’ అని మేము చదివినప్పుడు, ఆ అంకెను విని ఊరకొనక, అడిగిన ప్రశ్న ఏమైయుండునో ఒక్కక్షణము ఊహింపుడు. అడుగవలసియుండి అడుగనిది ఏదో కూడ అప్పుడు తోచును. దానిని మీ సభ్యునికి వ్రాసి పంపుటకు ఒక ఉత్తరము చాలును.